బ్రెయిలీ లిపి కూర్పు – 4వ పాఠం: యోరుబా బొట్టు అక్షరాలు

పోయిన మూడు పాఠాల్లో ఆరు చుక్కల గడి (ఎడమ వరుసలో పైనుంచి 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6), అందులోంచి వచ్చే 63 గుర్తులు, లూయీ బ్రెయిల్ వేసిన వరుసల పద్ధతి చూశాం. ఈసారి నైజీరియా, బెనిన్ దేశాల్లో మాట్లాడే యోరుబా భాషకు గుర్తులు మనమే ఎంచుకుందాం. ఇవి సాధన కోసమే. అక్కడి బడుల్లో వాడే పట్టికతో కలపకండి.

నైజీరియాలో యోరుబాను రోమన్ లిపిలో, 25 అక్షరాలతో రాస్తారు. సి, క్యూ, వి, ఎక్స్, జెడ్ లేవు. జి, బి కలిసిన జంట అక్షరం ఒకటుంది, ఆ రెండు గుర్తులూ వరుసగా రాస్తే సరిపోతుంది. చిక్కంతా కింద బొట్టు ఉన్న మూడింటితోనే: బొట్టు-ఇ (ẹ), బొట్టు-ఓ (ọ), బొట్టు-ఎస్ (ṣ). అచ్చు పుస్తకంలో బొట్టు అక్షరం కింద కూర్చుంటుంది. బ్రెయిలీలో కిందా మీదా ఉండవు, అన్నీ పక్కపక్కనే రావాలి.

ఎవరికైనా ముందుగా తట్టేది, ఖాళీగా ఉన్న క్యూ, ఎక్స్, జెడ్ గుర్తుల్ని వీటికి ఇచ్చేయడం. వద్దు. నైజీరియాలో అధికార భాష ఇంగ్లీషు. అదే పిల్ల తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు పుస్తకం తీస్తుంది. యోరుబా పాఠంలోనే జారియా ఊరి పేరు వస్తే జెడ్ కావాలి.

రెండో దారి, ఇ గుర్తును (15, అంటే 1, 5 చుక్కలు) ఒక మెట్టు కిందికి దించి 26 చేయడం. తెలుగు బ్రెయిలీ చదివేవాళ్లకు ఇది నచ్చుతుంది, మనకు ఏ 15, ఎ 26 కదా. కానీ తెలుగులో ఎ ఒక్కటే మాట కాదు. యోరుబాలో బొట్టు-ఇ ఒక్కటే ఒక మాట: పెద్దవాళ్లను 'మీరు' అనడం. పక్కన ఆనుకోవడానికి ఇంకో గుర్తు లేనప్పుడు 15, 26 వేలికి ఒకే ఆకారం. పైగా మాటల్ని కుదించి రాసే ఇంగ్లీషు సంక్షిప్త బ్రెయిలీలో ఒంటరి 26 అంటే 'ఎనఫ్' అనే మాట, ఫ్రెంచి బ్రెయిలీలో 26 ప్రశ్నార్థకం. బెనిన్ పిల్లలు బడిలో చదివేది ఫ్రెంచి. గౌరవంగా పలకరించే మాట దగ్గరే వేలు తడబడే గుర్తును నేను ఒప్పుకోను.

మూడో దారి బ్రెయిల్ చూపించిందే: అసలు గుర్తుకు 6వ చుక్క చేర్చడం. ఇ 15, బొట్టు-ఇ 156. ఎస్ 234, బొట్టు-ఎస్ 2346. బొట్టు కిందే ఉంటుంది కాబట్టి పిల్లలకు గుర్తుండటమూ సులువే. ఇప్పుడు ఓ: 135కి 6 చేరిస్తే 1356. అది జెడ్! ఎంత మంచి సూత్రమైనా ప్రతి అక్షరం దగ్గరా పరీక్షించాల్సింది ఇందుకే. బొట్టు-ఓకు 246 తీసుకుందాం. ఇది ఓకు అద్దంలో ప్రతిబింబం. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎడమ కుడి తారుమారు చేస్తారు, ఆ లోపం ఉంది. జెడ్‌తో గొడవ కంటే నయం.

ఇక స్వరాలు, అంటే పలికేటప్పుడు గొంతు హెచ్చుతగ్గులు. యోరుబాలో పై, మధ్య, కింది స్వరాలు మూడు. మధ్య స్వరానికి గుర్తు పెట్టరు. బొట్టు-ఓ, కె, బొట్టు-ఓ: ఇవే మూడు అక్షరాలు స్వరాన్ని బట్టి భర్త, పార, బండి, ఈటె అవుతాయి. అందుకని స్వరం వదిలేయడం కుదరదు. అచ్చు పుస్తకంలో పై, కింది స్వరాలకు అక్షరం మీద గీత పెడతారు. ఏకీకృత ఇంగ్లీషు బ్రెయిలీలో (యూఈబీ) ఇలాంటి గీతకు రెండు గడులు పడతాయి, దాన్నే తెచ్చుకుంటే ఈటెకు ఏడు గడులు. నేనైతే ఒక్క గడి చాలంటాను: పై స్వరానికి 4, కింది స్వరానికి 56, రెండూ అచ్చుకు ముందు. ఒకటి పైన ఒకే చుక్క, ఇంకోటి కింద రెండు చుక్కలు, వేలు తేడా పట్టేస్తుంది.

భర్త: 246, 13, 246.
పార: 246, 13, 4, 246.
బండి: 246, 13, 56, 246.
ఈటె: 56, 246, 13, 56, 246.

సాధన: ఈ నాలుగు మాటలూ స్లేటు మీద, కలిపి కాకుండా విడివిడిగా పొడిచి, కళ్లు మూసుకుని చదవండి. తర్వాత రెండు ప్రశ్నలు. ఈటె 56తో మొదలవుతోంది. ఇంగ్లీషులో మాట మొదట 56 వస్తే 'తర్వాతిది సంక్షిప్తం కాదు, ఉత్త అక్షరం' అని అర్థం. రెండు భాషలూ ఒకే పేజీలో ఉంటే ఏం చేస్తారు? రెండోది, మనం బొట్టు-ఎస్‌కు ఇచ్చిన 2346 ఫ్రెంచిలో ఒక ఇ గుర్తు, దాని ధ్వని బొట్టు-ఇకి చాలా దగ్గర. ఒకే ధ్వనికి వీలైనంత వరకు ఒకే గుర్తు అన్నది భారతీయ భాషల ఉమ్మడి పద్ధతి అయిన 1951 నాటి మన భారతి బ్రెయిలీకీ పునాది. ఆ లెక్కన బెనిన్ పిల్లల కోసం పట్టిక మారుస్తారా? మారిస్తే బొట్టు-ఎస్‌కు కొత్త గుర్తు వెతికి, మిగతా అక్షరాలన్నిటితో సరిచూసి రాసుకోండి. వచ్చే పాఠం ఆ పట్టికతోనే మొదలుపెడదాం.