ఇంట్లో రౌటర్ పాఠాలు – 4: చిన్న ప్యాకెట్లు వస్తే బాక్స్ ఎందుకు చతికిలపడుతుంది

పోయిన పాఠంలో సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) కొన్న పాత పీసీకి 10 గిగ్ (సెకనుకి 10 గిగాబిట్లు) నెట్‌వర్క్ కార్డ్ పెట్టి లైనక్స్ రౌటర్ చేసుకున్నాం కదా, ఐపెర్ఫ్ (స్పీడు కొలిచే టూల్) కొడితే 9.4 గిగ్ వచ్చిందని చాలామంది సంబరపడ్డారు. కానీ అది టీసీపీ టెస్టు, వెళ్ళేవన్నీ ఫుల్ సైజు ప్యాకెట్లు, పైగా కెర్నెల్‌లో జీఆర్‌ఓ అనే ఏర్పాటు వాటిని కలిపి పెద్ద ముద్ద చేసి ఫార్వర్డ్ చేస్తుంది కాబట్టి సీపీయూకి పెద్ద కష్టమే తెలీలేదు. వాయిస్ కాల్సో డీఎన్‌ఎస్సో దండిగా వస్తే అదే బాక్స్ 1 గిగ్ కూడా దాటకపోవచ్చు, అవి చిన్న ప్యాకెట్లు మరి.

రౌటర్ పని దాదాపు అంతా హెడర్ (ప్యాకెట్ ముందుండే చిరునామా భాగం) మీదే. అమీర్‌పేట మెట్రో గేటు దగ్గర మనిషి సన్నగా ఉన్నా లావుగా ఉన్నా కార్డు తట్టేది ఒక్కసారే, ఇదీ అంతే. 64 బైట్ల ఫ్రేముకి (వైరు మీద ప్యాకెట్ వెళ్ళే రూపం) వైరు మీద ఇంకో 20 బైట్లు కలుస్తాయి, ఆ లెక్కన 10 గిగ్‌లో సెకనుకి 1 కోటి 48 లక్షల 80 వేల ప్యాకెట్లు, అంటే ఒక్కోదానికి 67.2 నానోసెకన్లు, 3 గిగాహెర్ట్జ్ కోర్‌కి దాదాపు 200 సైకిల్స్. అదే 1518 బైట్లైతే సెకనుకి 8 లక్షల 12 వేలే. కార్డు డబ్బా మీద మాత్రం గిగ్ ఒక్కటే రాస్తారు!

ఇప్పుడు ఇంకో మెషీన్ నుంచి ప్యాకెట్‌జెన్‌తో (ప్యాకెట్లు పుట్టించే లైనక్స్ టూల్) 64, 128, 256, 512, 1024, 1280, 1518 వరసగా కొట్టండి (నెట్‌వర్క్ పరికరాల్ని ఎలా టెస్టు చెయ్యాలో చెప్పే 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2544లో సైజులే ఇవి). 64 కావాలంటే సైజు 60 ఇవ్వాలి, చివరి 4 బైట్ల ఎఫ్‌సీఎస్ (తప్పులు పట్టే చెక్) కార్డే తగిలిస్తుంది. ప్రతి సైజుకీ గిగ్ పక్కనే ప్యాకెట్ల లెక్క కూడా రాయండి, అసలు కథంతా అందులోనే ఉంది.

ఉదాహరణకి 64 నుంచి 512 దాకా ఎంత కొట్టినా సెకనుకి 12 లక్షల ప్యాకెట్ల దగ్గరే ఆగిందనుకోండి, ఇది వైరు సమస్య కాదు, ప్యాకెట్‌కి ఇంత అని పడే ఖర్చు. ఎంపీస్టాట్‌లో (కోర్ల వాడకం చూపే టూల్) కోర్లన్నీ విడివిడిగా చూడండి, ఒక్క కోర్ సాఫ్ట్ కాలమ్ (ప్యాకెట్ల లాంటి పనికి పోయే సమయం శాతం) 100 కొట్టి మిగతావి ఖాళీగా కూర్చుంటే దొరికినట్టే. ఈథ్‌టూల్‌లో (కార్డు లెక్కలు, సెట్టింగులు చూసే టూల్) మిస్డ్ కౌంటర్ (కార్డు వదిలేసిన ప్యాకెట్ల లెక్క) కూడా పెరుగుతుంటుంది. అంటే ట్రాఫిక్ మొత్తం కార్డులో ఒకే క్యూలోకి, దాంతో ఒకే కోర్‌కి పోతోంది. ప్యాకెట్‌జెన్ ఒకే ఐపీ, ఒకే పోర్టుతో పంపుతుంటే ఆర్‌ఎస్‌ఎస్ (ప్యాకెట్లని క్యూలకి పంచే కార్డు ఏర్పాటు) మాత్రం ఏం పంచుతుంది పాపం, సోర్స్ పోర్టు ర్యాండమ్ చెయ్యండి. చేసినా మారలేదా, కొన్ని కార్డులు యూడీపీకి ఐపీలు మాత్రమే చూసి హాష్ (ఏ క్యూకి పంపాలో తేల్చే లెక్క) చేస్తాయి, ఈథ్‌టూల్‌తో పోర్టులు కూడా కలపాలి. ఇది తెలీక కొత్త సీపీయూ కొనేసేవాళ్ళున్నారు.

చిన్న సైజుల్లో బాగుండి పెద్దవాటి దగ్గర గిగ్ ఒకేచోట ఆగిపోతే కార్డు ఏ స్లాట్‌లో ఉందో చూడండి, తక్కువ లేన్ల (డేటా దారుల) స్లాట్‌లో గుచ్చి ఉంటారు.

ఫ్రేము సైజు 68 బైట్లు దాటగానే కొంచెం పడిపోతే కంగారొద్దు, ఎఫ్‌సీఎస్ తీసేశాక మెమరీలో 64 దాటి రెండో క్యాష్ లైన్ (సీపీయూ మెమరీ నుంచి ఒక్కసారి తెచ్చుకునే 64 బైట్ల ముక్క) మొదలవుతుంది, అంతే.

ఒక సైజు వరకు బానే ఉండి ఆ తర్వాత దబ్బున కూలితే మాత్రం అది ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు) సమస్య. బ్రాడ్‌బ్యాండ్ లాగిన్‌కి వాడే పీపీపీఓఈ అందులో 8 బైట్లు తింటుంది, టన్నెల్ వేసే వీఎక్స్‌ల్యాన్ 50.

హోంవర్క్: సోర్స్ పోర్టు ర్యాండమ్ చెయ్యకముందు ఒక పట్టిక, చేశాక ఒకటి. పంపే మెషీన్ నిజంగా అంత పంపుతోందా అన్నది ముందు చూసుకోండి. అయిదో పాఠంలో ఇంటరప్టుల్ని ఏ కోర్‌కి కట్టాలో చూద్దాం.