మడతచాకుకు చెక్క పిడి – 4వ పాఠం: పలకను బోల్‌స్టర్‌కు కుదర్చడం, రివెట్ వేయడం

పోయిన పాఠంలో విప్పిన షెఫీల్డ్ తరహా చాకు మీ బల్ల మీదే ఉండాలి. బ్లేడు, స్ప్రింగు పక్కన పెట్టేయండి. నికెల్ సిల్వర్ బోల్‌స్టర్లు (పిడి కొసన ఉండే లోహపు దిమ్మెలు) అంటుకుని ఉన్న రెండు ఇత్తడి లైనర్లు (పిడి లోపలి రేకులు), వాటి మీద అతికించే జిట్రేగి (రోజ్‌వుడ్) పలకలు చాలు. పలకల కోసం పాత కుర్చీ కాలు కోసినవారు అదృష్టవంతులు, ఆ చెక్క ఎప్పుడో ఆరిపోయింది. కొత్త చెక్కయితే పని చేసే గదిలోనే రెండు వారాలు ఉంచండి. తడి ఉన్న చెక్క తర్వాత ముడుచుకుంటుంది, ఇత్తడి ముడుచుకోదు. ఆ తేడా కాస్తా బోల్‌స్టర్ దగ్గర సందుగా బయటపడుతుంది.

పిడి చేసినవాడి చెయ్యి ఎలాంటిదో ఆ అతుకు దగ్గరే తెలిసిపోతుంది కాబట్టి టైమంతా అక్కడే పెట్టండి. ముందు గాజుపలక మీద 120 నంబరు గరుకు కాగితం పరిచి, పలక అడుగుభాగాన్ని చదును చేయండి. లైనర్ మీద పెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే మధ్యలోంచి వెలుగు కనిపించకూడదు. తర్వాత బోల్‌స్టర్‌ను తాకే కొసను సన్న ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్దుతూ, ప్రతిసారీ పెట్టి చూడండి. ఎక్కడ తగులుతోందో తెలియకపోతే బోల్‌స్టర్ అంచుకు పెన్సిల్ పూసి పలకను ఆనించండి. మచ్చ పడిన చోటే రుద్దాలి. కొస అడుగువైపు వెంట్రుకవాసి లోపలికి ఏటవాలుగా ఉంటే పై గీత చక్కగా మూసుకుంటుంది. సందు మిగిలితే రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చమని చాలామంది చెబుతారు. అలా చేస్తే నల్లటి చార పడుతుంది. పలక వెనక కొసలో అదనం ఉంది కదా, ఇంకాస్త అరగదీసి ముందుకు జరపడమే మేలు.

చుట్టూ 1 మి.మీ. చెక్క బయటికి వదలండి. మందం మాత్రం ఇప్పుడే తగ్గించాలి. బోల్‌స్టర్ కంటే 0.3 మి.మీ. ఎత్తు మిగిలితే చాలు, ఎందుకో రివెట్ల దగ్గర తెలుస్తుంది.

రంధ్రాలకు లైనరే మూస. పలకను, లైనర్‌ను క్లాంపుతో బిగించి, పలక కింద పనికిరాని చెక్కముక్క పెట్టి, లైనర్ వైపు నుంచి డ్రిల్ చేయండి. కింద ఆసరా లేకపోతే బిట్ బయటికొచ్చే చోట చెక్క పెచ్చు లేస్తుంది. 1.6 మి.మీ. రివెట్‌కు చెక్కలో 1.7 మి.మీ. రంధ్రం ఉండాలి. స్ప్రింగు కోసం ఉన్న 2 మి.మీ. రంధ్రాలను 2.1కి తీసి ఖాళీగా వదిలేయండి. రంధ్రం బిగుతుగా ఉంటే సుత్తి దెబ్బకు రివెట్ ఉబ్బి చెక్కను చార వెంబడి చీలుస్తుంది. పలక కొసకు 4 మి.మీ. కంటే దగ్గరగా రంధ్రం పడినా అదే గతి.

ఇప్పుడు పలక పైవైపు సన్న రీమర్‌ను (రంధ్రాన్ని వెడల్పు చేసే ఏటవాలు పనిముట్టు) చేత్తో తిప్పి, 1 మి.మీ. లోతు దాకా రంధ్రాన్ని గరాటులా వెడల్పు చేయండి. నోరు 2.2 మి.మీ. ఉంటే సరి. రివెట్ తల కూర్చునేది ఇందులోనే. పలక మందంగా ఉండగా ఈ పని చేస్తే చివరి రుద్దుడులో తలంతా అరిగిపోయి, పట్టు లేని తీగముక్క మిగులుతుంది.

జిట్రేగిలో సహజంగా నూనె ఉంటుంది. అందుకే అతికించే ముందు పలకను అసిటోన్‌తో తుడవాలి, తుడిచిన పది నిమిషాల్లో జిగురు పూయాలి. ఇత్తడి మీద 80 నంబరు కాగితంతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి. రెండు ట్యూబుల ఎపాక్సీలో నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకుని, సమానంగా పిండి, నిమిషంపాటు కలిపి పలుచగా పూయండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. అంచుల్లో చుక్కలు కనిపిస్తే ఆపేయండి. బోల్‌స్టర్ మీద పొంగినదాన్ని, 2 మి.మీ. రంధ్రాల్లోకి దిగినదాన్ని వెంటనే తుడవండి. 24 గంటలు కదపొద్దు.

జిగురు మీద మాత్రం భారం వేయకండి, ఏళ్ల తరబడి పలకను పట్టి ఉంచేది రివెట్టే. రివెట్ కోసం 1.6 మి.మీ. ఇత్తడి తీగ ఒక కొసను వైస్‌లో పట్టి సుత్తితో తల చేసి, ఆకురాయితో గరాటుకు సరిపడా ఏటవాలు చేయండి. చెక్క వైపు నుంచి దూర్చి, తలను ఉక్కు దిమ్మె మీద ఆనించండి. లైనర్ లోపలివైపు 0.8 మి.మీ. మాత్రమే పైకి ఉండేలా కత్తిరించి, 100 గ్రాముల గుండ్రతల సుత్తితో అంచుల చుట్టూ చిన్నచిన్న దెబ్బలు వేయండి. ఇలా చేస్తే దెబ్బ పడేది ఇత్తడి వైపు, చెక్క వైపు కాదు. ఇత్తడి కొడుతున్నకొద్దీ గట్టిపడుతుంది. అంచు చిట్లితే ఆ తీగ తీసేయండి. కొత్తదాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చల్లారాక వాడండి.

లోపలివైపు తలను లైనర్‌తో సమానంగా అరగదీయాలి. గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగలకూడదు. తగిలితే రేపు చాకు మూసిన ప్రతిసారీ బ్లేడు మీద గీత పడుతుంది. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, జిట్రేగి పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది తెస్తుంది.

రెండో లైనర్‌కూ ఇదే వరస. వచ్చే పాఠంలో స్ప్రింగు, బ్లేడు మళ్లీ కూర్చుతాం. అందుకు 2 మి.మీ. నికెల్ సిల్వర్ తీగ 10 సెం.మీ., ఒక చుక్క మెషిన్ ఆయిల్ సిద్ధంగా ఉంచుకోండి.