ఫెర్రెట్ తెచ్చుకునే ముందు: ఏ లక్షణానికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు

ఫెర్రెట్ అనే ఈ చిన్న పెంపుడు జంతువుతో వచ్చే ఇబ్బందులు రెండు రకాలు. చూడగానే ప్రాణం పోయిందేమో అనిపించి, తీరా చూస్తే ఏమీ కానివి కొన్ని. బయటికి పెద్దగా తెలియకపోయినా ఆ రోజే వెట్ (పశువైద్యుడి) దగ్గరికి పరుగెత్తాల్సినవి కొన్ని. కుక్కనో పిల్లినో పెంచిన అనుభవంతో చూస్తే ఈ రెండూ తారుమారవుతాయి. అమెరికాలో పెట్ షాపుకి వెళ్ళి, ఆ చిన్న మొహం చూసి పిల్లలు మారాం చేస్తుంటే, కార్డు బయటికి తీసే ముందే ఈ తేడా తెలుసుకోవడం మంచిది.

ముందుగా దాని ఒంటి తీరు తెలియాలి. ఆడది సాధారణంగా కిలో లోపే ఉంటుంది, మగది ఒకటి నుంచి రెండు కిలోలు. చూడ్డానికి ముంగిసలా అనిపించినా ఇది నీటికుక్కల కుటుంబానికి చెందినది, పూర్తి మాంసాహారి. పేగు బాగా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. కుక్క ఒక పూట తినకపోతే "రేపు చూద్దాంలే" అనుకోవచ్చు. ఫెర్రెట్ విషయంలో ఆ మాట పనికిరాదు. ఆయుష్షు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. నాలుగో ఏడు దాటాక వెట్ బిల్లులు పెరుగుతాయని ముందే లెక్క వేసుకోండి.

ఎంత లేపినా లేవట్లేదు

కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా భయపడేది దీనికే. ఎత్తితే తడిగుడ్డలా వేలాడుతుంది, పిలిస్తే పలకదు. రోజుకి 14 నుంచి 18 గంటలు పడుకునే జంతువు ఇది, కొన్నిసార్లు ఆ నిద్ర అంత గాఢంగా ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉందా, ఊపిరి ఆడుతోందా, చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా చూడండి. మూడూ బాగుంటే వీపు నిమురుతూ, ఇష్టమైన తిండి ముక్కు దగ్గర పెడితే కాసేపట్లో ఆవలిస్తూ లేస్తుంది. లేచాక మామూలుగా నడిస్తే సరే. తూలుతూ, చొంగ కారుస్తూ, ఎటో చూస్తూ ఉంటే మాత్రం అది నిద్ర కాదు. కింద చక్కెర పడిపోవడం గురించి రాసింది వెంటనే చదవండి.

పక్కకి గెంతుతూ గోడకి గుద్దుకుంటోంది

ఫిట్స్ అనుకుంటారు. వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, కుక్‌కుక్ అని చప్పుడు చేస్తూ అడ్డదిడ్డంగా ఎగిరితే అది సంతోషం. చేయాల్సింది ఏమీ లేదు, పదునైన మూలలున్న సామాను పక్కకి జరపండి చాలు.

ఇల్లంతా వాసన

అమెరికా షాపుల్లో అమ్మే పిల్లల్లో చాలావాటికి ఫారంలోనే రెండు ఆపరేషన్లు అయిపోయి ఉంటాయి. ఒకటి పిల్లలు పుట్టకుండా, రెండోది మలద్వారం పక్కన ఉండే వాసన గ్రంథులు తీసేయడం. అయినా వాసన వస్తుంది, ఎందుకంటే అసలు వాసన చర్మంలోని నూనె గ్రంథులది. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు: వారం వారం స్నానం చేయిస్తారు. షాంపూ నూనెను కడిగేస్తే చర్మం ఇంకా ఎక్కువ నూనె ఊరిస్తుంది, రెండు రోజులకి వాసన ముందుకంటే పెరుగుతుంది. కడగాల్సింది ఫెర్రెట్‌ను కాదు, అది పడుకునే గుడ్డల్ని. వారానికి ఒకసారి పరుపులూ ఊయలా వాషింగ్ మెషిన్‌లో వేయండి, లిట్టర్ (మలమూత్రాల కోసం పెట్టెలో పోసే గుళికలు) రోజూ తీయండి, స్నానం నెలకి ఒకసారికి మించనివ్వకండి. ఇంత చేసినా కొంత వాసన ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా అది అస్సలు పడకపోతే ముందే మానుకోండి. అగరుబత్తులూ రూమ్ స్ప్రేలూ పరిష్కారం కాదు, ఆ పొగ దాని ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కొరుకుతోంది

పిల్ల ఫెర్రెట్‌లు ఒకదాన్నొకటి కొరుక్కుంటూనే ఆడుకుంటాయి. వాటి చర్మం మందం, మన చర్మం కాదు, ఆ తేడా దానికి నేర్పాలి. కొడితే భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కొరికిన వెంటనే మెడ వెనక వదులు చర్మం పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి, ఆట ఆపేసి రెండు మూడు నిమిషాలు పంజరంలో పెట్టండి. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. నాన్న ఆపుతుంటే అన్నయ్య చేతులతో కుస్తీ పడుతుంటే ఎన్నాళ్ళైనా మానదు.

తల మీద తెల్లటి చార లేదా మొత్తం తెల్ల మొహం ఉన్న ఫెర్రెట్ అయితే చెవుడేమో చూడండి, ఆ రంగుతో పుట్టిన వాటిలో చెవుడు ఎక్కువ. వినపడనిదాన్ని వెనకనుంచి తాకితే ఉలిక్కిపడి కొరుకుతుంది. దానిది పొగరు కాదు పాపం. నేలని తట్టి, ఆ అదురు దానికి తెలిశాకే ముట్టుకోండి. పసిబిడ్డ ఉన్న గదిలో మాత్రం ఏ ఫెర్రెట్‌నీ ఒంటరిగా వదలొద్దు, ఎంత సాధువైనదైనా సరే.

లిట్టర్ బాక్స్ పెట్టినా మూలల్లో పోతోంది

పిల్లిలా గది అవతలి నుంచి బాక్స్ వెతుక్కుంటూ రాదు. పొట్టి పేగు కదా, వచ్చిందంటే దగ్గరున్న మూలకి వెనక్కి నడిచి పని కానిచ్చేస్తుంది. ఒక బాక్స్ సరిపోదు, అది ఎంచుకున్న మూలల్లోనే పెట్టండి. పంజరంలోంచి వదిలే ముందు లిట్టర్ మీద నిలబెట్టి, పని అయ్యాకే బయటికి రానివ్వండి. గడ్డకట్టే మట్టి లిట్టర్, దేవదారు పొట్టు వద్దు. కాగితం గుళికలు వాడండి. ఎంత నేర్పినా అప్పుడప్పుడూ గురి తప్పుతుంది, కార్పెట్ మీద మమకారం ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి.

మన ఇంట్లో వండింది పెట్టొచ్చా

శాకాహారుల ఇంట్లో ఈ ప్రశ్న తప్పదు. జవాబు: కుదరదు. పప్పన్నం, పెరుగన్నం, పండ్లు, బిస్కెట్లు ఏవీ దానికి తిండి కాదు. పాలు తాగిస్తే విరేచనాలు. దానికి కావాల్సింది జంతు మాంసకృత్తులు కనీసం 30 నుంచి 35 శాతం, కొవ్వు 15 నుంచి 20 శాతం, పీచు దాదాపు సున్నా. ఫెర్రెట్‌ల కోసం చేసిన మంచి తిండి గిన్నెలో ఎప్పుడూ ఉండాలి. అది అయిపోయిన రోజు పిల్లి పిల్లలకి పెట్టే, మాంసం ఎక్కువున్న తిండి పెట్టొచ్చు. ఇంట్లోకి మాంసం రానివ్వని కుటుంబం వేరే జంతువును చూసుకోవడం మేలు, ఇందులో సర్దుబాటుకి చోటు లేదు. ఇంకో చిక్కుంది. పిల్లప్పుడు వాసన చూసినదే తిండి అని నమ్మే జంతువు ఇది. మొదటి ఆరు నెలల్లోనే రెండు మూడు రకాలు అలవాటు చేయకపోతే, తర్వాత ఆ కంపెనీ సరుకు ఆగిపోయిన రోజు గిన్నె ముందు సమ్మె చేస్తుంది.

ఇక్కడి నుంచి చాలావరకు ఆగకూడనివి.

తిండి మానేసింది, నీరసంగా ఉంది

ఏడాది రెండేళ్ళ లోపు ఫెర్రెట్ అయితే మొదటి అనుమానం పేగులో ఏదో ఇరుక్కుందని. రబ్బరు అంటే వీటికి పిచ్చి. ఇయర్‌బడ్ కొసన ఉండే సిలికాన్ మూత, రిమోట్ బటన్లు, చెప్పుల అడుగు, పెన్సిల్ రబ్బరు, హెడ్‌ఫోన్ స్పాంజి, సోఫా ఫోమ్, అన్నీ కొరికి మింగుతాయి. మింగింది పొట్టలో కొన్నాళ్ళు కదలకుండా ఉండి, ఒక రోజు పేగులోకి జారి అడ్డం పడుతుంది. అందుకే "ఈమధ్య ఏమీ మింగలేదే" అన్న ధైర్యం పనికిరాదు.

వాంతి అవుతుందని ఎదురుచూడకండి, చాలాసార్లు అవదు. చూడాల్సినవి ఇవి: మూతిని ముందుకాళ్ళతో గీరుకోవడం, పళ్ళు కొరకడం, పొట్ట ముడుచుకుని పడుకోవడం, మలం దారంలా సన్నబడడం లేదా పూర్తిగా ఆగిపోవడం, తారులా నల్లగా రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు వెట్ దగ్గరికి వెళ్ళాలి, శనివారం రాత్రయితే ఎమర్జెన్సీకి. ఎక్స్‌రే తీస్తారు, చాలావరకు ఆపరేషనే దారి. త్వరగా వెళ్తే బతుకుతుంది. ఇంట్లో ఆముదం లాంటివి పట్టించడం, పొట్ట నొక్కడం వద్దు.

పెద్ద వయసు ఫెర్రెట్‌లో ఇదే పని వెంట్రుకల ఉండ చేస్తుంది. పిల్లిలా ఇది ఉండను కక్కేయదు. వసంతంలోనూ శరదృతువులోనూ బొచ్చు రాలుతుంది. ఆ వారాల్లో రోజూ దువ్వండి, వెట్‌ని అడిగి హెయిర్‌బాల్ పేస్ట్ కొంచెం నాకించండి.

రాకుండా చూసుకోవాలంటే, తెచ్చుకోకముందే ఇంట్లో నేల మీద పొట్ట ఆనించి పాకుతూ ఒక చుట్టు తిరగండి. నవ్వులాట కాదు, అది చూసే ఎత్తు నుంచి చూస్తేనే రబ్బరూ సందులూ కనిపిస్తాయి. తల పట్టిన చోట ఒళ్ళంతా పడుతుంది. డ్రైయర్ వెనక గొట్టం, ఫ్రిజ్ కింద, కిచెన్ క్యాబినెట్ అడుగు మూసేయండి. వెనక్కి వాలే రిక్లైనర్ కుర్చీ ఉన్న గదిలోకి అసలు వదలకండి, దాని మడతల్లో దూరి నలిగి చనిపోయినవి చాలా ఉన్నాయి. నేల మీద పడ్డ మాత్రలు కూడా ఏరేయండి, ఒక్క ఐబుప్రోఫెన్ బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి.

వెనక కాళ్ళు తూలుతున్నాయి, చొంగ కారుతోంది

నాలుగేళ్ళు దాటిన ఫెర్రెట్‌లో దీనికి ఎక్కువసార్లు కారణం ఇన్సులినోమా. క్లోమంలో చిన్న గడ్డలు లేచి ఇన్సులిన్‌ను అదేపనిగా వదులుతుంటాయి, రక్తంలో చక్కెర పడిపోతుంది. మన ఇళ్ళల్లో షుగర్ అంటే పెరగడమే అలవాటు. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, మూతి గీరుకోవడం, తర్వాత ఫిట్స్.

అప్పటికప్పుడు దూదిపుల్లతో కొంచెం తేనె చిగుళ్ళకి రాయండి. నోట్లో పోయకండి, ఫిట్స్‌లో ఉన్నప్పుడు వేలు పెట్టకండి. తేరుకోగానే మాంసం తిండి పెట్టి వెట్ దగ్గరికి బయల్దేరండి. తేరుకుందిగదా అని ఆగిపోవద్దు, తేనె పని కాసేపే, ఆ చక్కెరకి మళ్ళీ ఇన్సులిన్ ఎగిసి ఇంకా కిందికి పడొచ్చు. కొన్ని గంటలు పస్తుంచి తీసిన రక్తంలో చక్కెర 70 కంటే తక్కువుంటే వెట్ ఈ జబ్బుని అనుమానిస్తారు. ఆ పస్తు ఆసుపత్రిలో వాళ్ళ కళ్ళ ముందే జరగాలి. ప్రెడ్నిసలోన్ మందుతో గానీ ఆపరేషన్‌తో గానీ నెలలు, ఒక్కోసారి ఏళ్ళు నెట్టుకురావచ్చు.

తోక మీద బొచ్చు రాలుతోంది

ఋతువు మారినప్పుడు రాలి మళ్ళీ వస్తే పర్వాలేదు. తోక దగ్గర మొదలై రెండు పక్కలా సమానంగా వీపు మీదికి పాకుతుంటే అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం పక్కన ఉండే చిన్న గ్రంథి) జబ్బు. ఆపరేషన్ అయిన ఆడదానికి యోనిద్వారం ఉబ్బుతుంది. మరీ చిన్న వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం దీనికి ఒక కారణమని చాలామంది వెట్‌ల అభిప్రాయం, షాపు ఫెర్రెట్‌లు దాదాపు అన్నీ ఆ కోవలోవే. హార్మోన్లను అదుపు చేసే డెస్లోరెలిన్ ఇంప్లాంట్ చర్మం కింద పెడితే చాలావాటికి బొచ్చు తిరిగొస్తుంది. దీనికి వారం పది రోజుల్లో అపాయింట్‌మెంట్ సరిపోతుంది, ఒక్క సందర్భంలో తప్ప: మగది ముక్కుతూ మూత్రం పోయలేకపోతుంటే ప్రొస్టేట్ వాచి దారి మూసుకుపోయినట్టు, అప్పుడు గంటలే లెక్క.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అక్కడ ఆపరేషన్ కాని ఆడవి దొరుకుతాయి. ఎదకి వచ్చిన ఆడ ఫెర్రెట్ జతకట్టకపోతే ఎద దానంతట అది ఆగదు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పేరుకుని ఎముక మజ్జ దెబ్బతిని చనిపోవచ్చు. కొనే రోజే వెట్‌తో మాట్లాడుకోండి.

తుమ్ములు

ఇది చాలాసార్లు మననుంచే. మన ఫ్లూ ఫెర్రెట్‌కి అంటుకుంటుంది, దాని ఫ్లూ మనకీ అంటుకుంటుంది. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేసింది ఫెర్రెట్‌ల సాయంతోనే. ఇంట్లో ఎవరికైనా జ్వరం, జలుబు ఉంటే మాస్క్ పెట్టుకోండి, వేరేవాళ్ళతో తిండి పెట్టించండి. తిని తిరుగుతుంటే వారంలో తగ్గుతుంది. మన జలుబు మందులు వేయకండి.

కళ్ళకీ ముక్కుకీ పుసి గడ్డకట్టి, గడ్డం కింద దద్దుర్లు లేచి, అరికాళ్ళు గట్టిపడితే అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు. దానికి మందు లేదు, పట్టినది బతకడం దాదాపు ఉండదు. ఉన్నది టీకా ఒక్కటే. రేబిస్ టీకా మూడు నెలల వయసు నుంచి, తర్వాత ఏటా. ఈ రెండూ వేయించిన రోజు అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి, కొన్నిటికి వెంటనే రియాక్షన్ వస్తుంది. రేబిస్ కాగితం జాగ్రత్తగా దాచండి. అతిథిని కరిస్తే 10 రోజులు విడిగా ఉంచి గమనించమంటారు, ఆ కాగితం ఉంటే అధికారులతో పని సులువు. టెక్సస్, ఫ్లోరిడా లాంటి దోమల రాష్ట్రాల్లో హార్ట్‌వార్మ్ మందు కూడా నెలనెలా కావాలి. ఇంత చిన్న గుండెకి ఒక్క పురుగు చాలు.

నేలకి అతుక్కుపోయి రొప్పుతోంది

ఎండదెబ్బ. చెమట పట్టే ఏర్పాటు దీనికి లేనట్టే. గది 27 డిగ్రీలు, అంటే 80 ఫారన్‌హీట్, దాటితే ఇబ్బంది, 32 దాటితే ప్రమాదం. ఆఫీసుకి వెళ్తూ ఏసీ కట్టేసే అలవాటు డాలస్ వేసవిలో మానుకోవాలి. చల్లటి చోటికి తెచ్చి, అరికాళ్ళూ పొట్టా చల్లటి నీళ్ళతో తడపండి, ఐసు నీళ్ళు వద్దు, తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విజయవాడలోనో హైదరాబాదులోనో పెంచాలనుకునేవాళ్ళు మే నెలలో కరెంటు పోతే ఏం చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి. ఫెర్రెట్‌ను నిజంగా చూసిన వెట్ ఊళ్ళో ఉన్నారో లేదో కూడా కొనేముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఉద్యోగం కాలిఫోర్నియాలోని బే ఏరియాకి మారింది

మనవాళ్ళలో ఇది చాలామందికి ఎదురయ్యే సమస్యే, దీనికి తర్వాత పరిష్కారం ఉండదు. కాలిఫోర్నియాలోనూ హవాయిలోనూ ఫెర్రెట్‌ను ఇంట్లో ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. న్యూయార్క్ రాష్ట్రంలో పర్వాలేదు కానీ న్యూయార్క్ నగరంలో నిషేధం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, నార్తర్న్ టెరిటరీ ఒప్పుకోవు. న్యూజిలాండ్‌లో 2002 నుంచి అమ్మడం, పెంపకం చేయడం నిషేధం. అక్కడ కుందేళ్ళని తగ్గించడానికి తెచ్చి వదిలినవి స్థానిక పక్షుల్ని తినేశాయి. రాబోయే ఐదారేళ్ళలో శాన్ హోసేకి మారే అవకాశం ఉన్నవాళ్ళు ఇప్పుడు కొనకపోవడమే మంచిది. ఇప్పటికే ఉంటే మారే రోజు దాకా ఆగకుండా, ఉన్న రాష్ట్రంలోని ఫెర్రెట్ షెల్టర్‌తో ముందే మాట్లాడండి, వాళ్ళ దగ్గర వెయిటింగ్ లిస్టులుంటాయి.

ఇండియా ప్రయాణానికీ అంతే. కుక్కల బోర్డింగ్‌లు చాలా ఫెర్రెట్‌లను తీసుకోవు. టికెట్లు బుక్ చేసేముందు మనిషిని చూసుకోండి. ఆ మనిషికి తిండి సంచి, తేనె సీసా, దూదిపుల్లలు, టీకా కాగితాలు, వెట్ నంబరు, ఎమర్జెన్సీ ఆసుపత్రి అడ్రసు, మీరు విమానంలో ఉన్నప్పుడు ఆపరేషన్‌కి ఒప్పుకునే సంతకం, ఎంత ఖర్చు దాకా సరేనో రాసిన కాగితం, అన్నీ ఒకే సంచిలో పెట్టి ఇవ్వండి.