నడుము నొప్పికి ఏ డిస్క్ కారణం? ఎంఆర్ఐ చూసే పద్ధతి

ముందు పక్కనుంచి తీసిన టీ2 చిత్రం (నీరు తెల్లగా కనిపించే ఎంఆర్ఐ రకం) తెరవండి. త్రికాస్థి (వెన్నెముక అడుగునున్న త్రికోణపు ఎముక) నుంచి పైకి డిస్కులను, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లను, లెక్కపెట్టండి: మొదటిది ఎల్5-ఎస్1 (నడుములోని ఐదో వెన్నుపూసకూ త్రికాస్థికీ మధ్యది), దానిపైది ఎల్4-ఎల్5. కొందరిలో ఎల్5 త్రికాస్థికి అతుక్కుని ఉంటుంది. అక్కడే లెక్క తప్పుతుంది.

టీ2లో నీరున్న డిస్క్ మధ్యలో తెల్లగా కనిపిస్తుంది, అరిగినది నల్లబడుతుంది. కానీ నల్లబడ్డ ప్రతి డిస్కూ నొప్పి పుట్టించదు. ఏ బాధా లేని 20 ఏళ్లవాళ్లలోనూ దాదాపు 37 శాతం మందికి అరుగుదల కనిపిస్తుందని 2015 నాటి సమీక్ష చెప్పింది. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (డిస్క్ ఉబ్బడం) అని చూసి బెంబేలెత్తకండి.

ఇంతకంటే బరువైన ఆధారాలు రెండు. డిస్క్ వెనక అంచులో టీ2లో మెరిసే చిన్న తెల్ల మచ్చ ఉంటే బయటి పొర చీలి ఉండవచ్చు. డిస్క్‌ను ఆనుకున్న ఎముక టీ1లో (కొవ్వు తెల్లగా, నీరు నల్లగా కనిపించే రకం) నల్లగా, టీ2లో తెల్లగా ఉంటే మోడిక్ 1 మార్పు (డిస్క్ పక్క ఎముకలో మార్పులను మోడిక్ రకాలంటారు), అంటే ఎముకలో వాపు. రెండుచోట్లా తెల్లగా ఉంటే మోడిక్ 2, కొవ్వు చేరిన దశ. నొప్పితో మోడిక్ 2 సంబంధం బలహీనం.

తర్వాత అడ్డకోతలు (నడుమును అడ్డంగా కోసినట్టు చూపే చిత్రాలు) చూడండి. ఎల్4-ఎల్5 డిస్క్ వెనక పక్కకు జారితే సాధారణంగా ఎల్5 నరాన్ని నొక్కుతుంది: బొటనవేలు పైకెత్తడం కష్టమవుతుంది. చిత్రం ఎడమ చూపి, కాలినొప్పి కుడివైపుంటే ఆ డిస్క్‌ను అనుమానించకండి.

మూత్రం ఆగినా, కూర్చునే భాగం మొద్దుబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.