పెద్ద రిమ్ములున్న లగ్జరీ ఎస్‌యూవీకి ఆల్ సీజన్ టైర్లు ఎలా ఎంచుకోవాలి

21, 22 అంగుళాల రిమ్ములున్న ఎస్‌యూవీకి మొదటిసారి టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఫోన్‌లో సైజు కొట్టి, పేరున్న కంపెనీల్లో ఏది స్టాకులో ఉంటే దాన్ని ఆర్డర్ పెట్టేస్తారు. నేనూ అలాగే చేశాను. సైజు సరిపోయింది, రిమ్ముకు చక్కగా ఎక్కింది, కానీ బరువు మోసే రేటింగు పాత టైర్ల కంటే తక్కువని బిగించినవాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు. ఇంట్లోవాళ్లందరూ ఎక్కి వెనక సామాను నింపుకుని దూరం వెళ్లినప్పుడు మలుపుల్లో వెనక భాగం పక్కకు ఊగుతున్నట్టు అనిపించేది. సస్పెన్షన్ పాడైందేమోనని కొన్నాళ్లు టెన్షన్ పడ్డాక ఒకరోజు టైరు మీద అంకెలు చదివితే విషయం అర్థమైంది. అప్పటినుంచి నేను చూసే వరుసే మారిపోయింది: ముందు బరువు, తర్వాత వాతావరణం, ఆ తర్వాతే కంపెనీ, ధర.

బరువు ముందెందుకంటే, ఈ బండ్లు మామూలు బరువు కాదు. మూడు వరుసల సీట్లున్న పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ ఖాళీగానే దాదాపు రెండున్నర టన్నులుంటుంది, అదే ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ వల్ల ఇంకా ఎక్కువ. అందులో ఏడుగురు ఎక్కి, సామాను పెట్టి, నిండా ఇంధనం కొట్టిస్తే ఆ భారమంతా నాలుగు టైర్ల మీదే.

డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేము మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో మీ బండికి కంపెనీ నిర్ణయించిన సైజు, గాలి ఎంతుండాలో రాసి ఉంటాయి. ఉదాహరణకు 275/45 ఆర్21 110డబ్ల్యూ అనుకోండి. 275 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 45 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ (రిమ్ముకూ రోడ్డుకూ మధ్య కనిపించే టైరు పక్క భాగం) ఎత్తు ఎంత శాతమో, 21 అంటే రిమ్ము అంగుళాల్లో. ఇక్కడివరకు అందరూ చూస్తారు. చివర్లో ఉన్న 110 దగ్గరే పొరపాటు జరుగుతుంది. అది లోడ్ ఇండెక్స్. 110 అంటే ఒక్కో టైరు 1060 కిలోలు మోస్తుంది, 107 అయితే 975, 113 అయితే 1150, 116 అయితే 1250. 107కీ 113కీ మధ్య ఆరే కదా అనిపిస్తుంది, కానీ నాలుగు టైర్లకు కలిపి లెక్కేస్తే 700 కిలోల తేడా! స్టిక్కర్ మీద లేదా బండి మాన్యువల్‌లో ఉన్న అంకె కంటే తక్కువది ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు, ఎక్కువుంటే ఫర్వాలేదు. ఇంకో సంగతి, టైరు ఆ బరువు మోసేది గాలి సరిగ్గా ఉన్నప్పుడే. గాలి తగ్గితే ఆ సామర్థ్యం కూడా తగ్గిపోతుంది, సైడ్‌వాల్ అతిగా వంగి వేడెక్కుతుంది.

సైజు పక్కన ఎక్స్‌ఎల్ అని ఉంటే ఎక్స్‌ట్రా లోడ్ అని, అంటే మామూలు టైరు కంటే ఎక్కువ గాలి పట్టి ఎక్కువ బరువు మోసేలా చేసింది. పెద్ద రిమ్ముల బండ్లలో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. ఈమధ్య బరువైన ఎలక్ట్రిక్ బండ్ల కోసం హెచ్‌ఎల్ అనే రకం కూడా వచ్చింది, ఆ రెండక్షరాలు సైజుకు ముందే రాసి ఉంటాయి, అదే సైజు ఎక్స్‌ఎల్ కంటే కూడా ఎక్కువ మోస్తుంది. మీ బండికి హెచ్‌ఎల్ వచ్చి ఉంటే మళ్లీ హెచ్‌ఎల్‌నే వెతకండి, దొరకడం కష్టంగా ఉందని ఎక్స్‌ఎల్‌తో సర్దుకోవద్దు.

ఇందాకటి 110 పక్కనున్న డబ్ల్యూ అనేది వేగం రేటింగు: హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యూ 270, వై 300. మనం అంత వేగం ఎప్పుడు వెళ్తాం అని దీన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు. కానీ ఆ రేటింగు టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది, పైగా బరువైన బండి ఎండలో గంటల తరబడి హైవే మీద పరిగెత్తితే వేడికి కొదవుండదు. అందుకే దీన్నీ తగ్గించొద్దనే నా సలహా.

ఇక వాతావరణం. ఆల్ సీజన్ అనే మాటను చాలామంది "అన్ని కాలాలకూ సమానంగా బాగుంటుంది" అని అర్థం చేసుకుంటారు. అది నిజం కాదు. ఎండాకాలపు టైరు రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడి పట్టు కోల్పోతుంది, చలికాలపు టైరు ఎండలో మెత్తబడి త్వరగా అరిగిపోతుంది. ఆల్ సీజన్ టైరు ఈ రెండింటి మధ్య రాజీ, అందులోనూ ఒక్కో కంపెనీ ఒక్కో వైపు మొగ్గుతుంది. కాబట్టి మీ ఏడాదిలో అత్యంత చెడ్డ రోజు ఎలా ఉంటుందో ఆలోచించి, ఆ రోజు కోసం టైరు ఎంచుకోండి. మిగతా రోజులు ఏ మంచి టైరుతోనైనా గడిచిపోతాయి.

ఆ చెడ్డ రోజు అంటే మీకు మంచు అయితే, సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేణువు బొమ్మ ఉందా లేదా చూడండి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అనే అక్షరాలు దాదాపు ప్రతి ఆల్ సీజన్ టైరు మీదా ఉంటాయి గానీ, అవి గాడుల ఆకారాన్ని బట్టి వేసుకునేవి, వాటి వెనక మంచు మీద చేసిన పరీక్ష అంటూ ఏమీ లేదు. కొండ గుర్తు రావాలంటే మాత్రం అదిమిన మంచు మీద పరీక్షలో నెగ్గాలి. అయినా నున్నగా గడ్డకట్టిన ఐస్ మీద బండి ఎలా ఆగుతుందో ఆ గుర్తు కూడా చెప్పదు. నెలల తరబడి రోడ్లు ఐస్‌తో కప్పుకుని ఉండే చోట ఉంటే ఆల్ సీజన్ మాట పక్కనపెట్టి చలికాలపు టైర్ల సెట్ వేరేగా కొనుక్కోండి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది కదా అనే ధైర్యం బండిని కదిలించడానికే పనికొస్తుంది. ఆపాల్సి వచ్చినప్పుడు, తిప్పాల్సి వచ్చినప్పుడు ఉండేది టైరు పట్టు ఒక్కటే, బండి ఎంత బరువుంటే ఆ పట్టు మీద అంత భారం పడుతుంది.

మీకు చెడ్డ రోజు అంటే కుండపోత వాన అయితే లెక్క వేరు. వెడల్పు టైరు సన్నటి టైరు కంటే తేలిగ్గా నీటి మీద తేలిపోతుంది, ఎందుకంటే ముందున్న నీటిని ఎక్కువ మేర పక్కకు నెట్టాలి. కాబట్టి చుట్టూ తిరిగే లోతైన గాడులు మూడు నాలుగు ఉన్న టైరు చూసుకోండి, లేబుల్ మీద తడి పట్టు గ్రేడు ఉంటే ఏ లేదా బి కంటే కిందికి దిగొద్దు. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా దేశాల చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, ఇంత బరువైన బండిని వానలో అంతవరకు లాగడం నాకు ససేమిరా ఇష్టముండదు. వాన కోసమైతే 3 దగ్గర, మంచు కోసమైతే 4 దగ్గర మార్చేస్తాను.

పేర్లు చెప్పమంటే, మెత్తదనం, నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లు కాంటినెంటల్ క్రాస్‌కాంటాక్ట్ ఎల్‌ఎక్స్25, బ్రిడ్జ్‌స్టోన్ అలెంజా ఏఎస్ అల్ట్రా లాంటివి చూడొచ్చు. స్టీరింగ్ తిప్పగానే బండి స్పందించాలి, వేగంగా నడుపుతాం అనేవాళ్లకు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, పిరెల్లీ స్కార్పియన్ జీరో ఆల్ సీజన్. కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్06 ప్లస్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది: ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మీద డి, డబ్ల్యూ, ఎస్ అక్షరాలు చెక్కి ఉంటాయి, అరిగేకొద్దీ ముందు ఎస్ చెరిగిపోతుంది, అంటే మంచుకు ఇక పనికిరాదని, తర్వాత డబ్ల్యూ చెరిగితే వానకు కూడా అయిపోయిందని. ఇంట్లో ఎవరైనా ఒక్కసారి చూసి చెప్పేయొచ్చు. మంచు ఎక్కువ పడే చోటికి మిషెలిన్ క్రాస్‌క్లైమేట్2 మంచిది, దాని గాడులు వి ఆకారంలో ఉంటాయి, కొండ గుర్తూ ఉంది. అయితే అది ఒకే దిశలో తిరగాల్సిన టైరు, ఎడమవైపుది కుడివైపుకు మార్చాలంటే రిమ్ము నుంచి విప్పాల్సిందే. ఇవన్నీ ప్రతి సైజులోనూ దొరకవు. 22 అంగుళాల దగ్గరికి వచ్చేసరికి జాబితా చాలా కుదించుకుపోతుంది.

అక్కడే నేను గట్టిగా చెప్పాలనుకునే మాట ఒకటుంది. కొత్త సెట్ కొనేముందు రిమ్ము ఒక అంగుళమో రెండంగుళాలో తగ్గించుకోవడం గురించి నిజంగా ఆలోచించండి. 285/40 ఆర్22 టైరు సైడ్‌వాల్ 114 మిల్లీమీటర్లు, 275/45 ఆర్21కి దాదాపు 124, 275/50 ఆర్20కి దాదాపు 138. మూడింటి మొత్తం ఎత్తూ 781 నుంచి 787 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి స్పీడోమీటరుకు పెద్దగా తేడా తెలియదు. కానీ గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య అడ్డుండే రబ్బరూ గాలీ 22 కంటే 20లో 24 మిల్లీమీటర్లు ఎక్కువ. సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగినట్టే, ఆ టైరుకు రిపేరు లేదు, పారేయాల్సిందే. నేను 22 అంగుళాల మీద రెండు టైర్లు అలా పోగొట్టుకున్నాక 20కి దిగాను, మళ్లీ ఆ బాధ రాలేదు, బండి కుదుపు కూడా తగ్గింది. చూడ్డానికి కాస్త చిన్నగా ఉంటుంది, అది నిజమే. ఒక జాగ్రత్త: పెద్ద బ్రేకు క్యాలిపర్లున్న మోడళ్లకు చిన్న రిమ్ము తగులుతుంది, కాబట్టి మీ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న సైజుల్లోనే వెతకండి, లోడ్ ఇండెక్స్ సంగతి ఇక్కడా మర్చిపోవద్దు.

ముందొక సైజు, వెనకొక సైజు ఉన్న బండ్లుంటాయి, ముందు 275/40 ఆర్21, వెనక 315/35 ఆర్21 లాగా. అలాంటప్పుడు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చడం కుదరదు, వెనకవి తొందరగా అరుగుతాయి, రెండు సైజులూ ఒకే మోడల్‌లో దొరుకుతాయో లేదో కొనేముందే చూసుకోవాలి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండిలో ఒక్క టైరే పోయినా, మిగతావి బాగా అరిగి ఉంటే ఒక్కటే మార్చడం మంచిది కాదు. చుట్టుకొలత తేడా వల్ల చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ మీద ఒత్తిడి పడుతుంది. ఎంత తేడా దాకా ఫర్వాలేదో మాన్యువల్‌లో ఉంటుంది, చదవండి.

సైడ్‌వాల్ మీద కార్ల కంపెనీల గుర్తులు కూడా కనిపిస్తాయి. నక్షత్రం ఉంటే బీఎండబ్ల్యూ, ఎంఓ అంటే మెర్సిడెస్, ఎన్ పక్కన అంకె ఉంటే పోర్షే, ఏఓ అంటే ఆడి, ఎల్‌ఆర్ అంటే ల్యాండ్ రోవర్. ఒకే పేరు, ఒకే సైజు టైరైనా గుర్తున్నదానికీ లేనిదానికీ రబ్బరు, లోపలి నిర్మాణం వేరుగా ఉండొచ్చు. గుర్తున్నదే కొనాలని పట్టుబట్టను గానీ, నాలుగూ ఒకే రకం ఉండాలి. వారంటీలో ఉన్న బండి అయితే గుర్తున్నదే తీసుకోండి.

శబ్దం తగ్గడానికి కొన్ని టైర్ల లోపల ఫోమ్ పొర అతికించి ఉంటుంది. తేడా వినిపిస్తుంది, ముఖ్యంగా ఎలక్ట్రిక్ బండిలో. కాకపోతే పంక్చర్ వేయాలంటే ఆ చోట ఫోమ్ కోసి తీసి, శుభ్రం చేసి, లోపల ప్యాచ్ వేయాలి, అది తెలిసినవాళ్ల దగ్గరే చేయించండి. రన్ ఫ్లాట్ టైర్లు గాలి పూర్తిగా పోయినా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 80 కిలోమీటర్ల దాకా నడుస్తాయి, బదులుగా కుదుపు ఎక్కువ. అవి వచ్చే బండ్లలో సాధారణంగా స్టెప్నీ ఉండదు, కాబట్టి వాటిని తీసేసి మామూలువి వేస్తే ఆ సంగతి గుర్తుపెట్టుకుని, కనీసం పంక్చర్ కిట్, గాలి పంపు వెంట ఉంచుకోండి.

టైర్లు చేతికొచ్చాక, బిగించకముందే తయారీ తేదీ చూడండి. డాట్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు: 2324 అని ఉంటే 2024లో 23వ వారం. ఏడాదికి మించి పాతదైతే నేను వేరేది అడుగుతాను.

బిగించే చోట మూడు విషయాలు ముందే చెప్పండి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే జాకీ మోడ్ పెట్టాకే బండి లేపాలి, లేకపోతే సిస్టమ్ తనంతట తానే ఎత్తు సరిచేయబోతుంది. నట్లు ఎయిర్ గన్‌తో లాగించేయకుండా బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ వాడాలి. బ్యాలెన్సింగ్‌తో పాటు అలైన్‌మెంట్ కూడా చేయించాలి. గాలి మాత్రం టైరు మీద రాసిన గరిష్ఠ అంకె చూసి కాదు, తలుపు స్టిక్కర్ చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. నిండా జనం, సామాను ఉంటే అదే స్టిక్కర్‌లో లేదా మాన్యువల్‌లో వేరే అంకె ఇస్తారు. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే గాలి 1.5 నుంచి 2 పీఎస్‌ఐ దాకా పడిపోతుంది, అందుకే చలికాలం మొదట్లో ఒకసారి తప్పకుండా చూసుకోవాలి.

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, కొత్త రబ్బరు పైపొర కాస్త అరిగాకే అసలు పట్టు వస్తుంది. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూపించండి. తర్వాత నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఈ బండ్లలో టైర్లు బయటికి బాగున్నట్టే కనిపించి లోపలి అంచు దగ్గర దారాలు తేలేదాకా అరిగిపోతుంటాయి, బయట నిలబడి చూస్తే తెలియదు.