వానాకాలంలో కుక్క గడ్డి తింటుంటే: ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

నాలుగు వానలు పడేసరికి హన్మకొండ కాలనీల్లో ఖాళీ ప్లాట్లన్నీ పచ్చబడతాయి. చికెన్ ముక్క లేనిదే అన్నం ముట్టని కుక్క కూడా వాకింగ్‌లో ఆగి మరీ గరిక కొరుకుతుంది. ఇంట్లోవాళ్లకు టెన్షన్. "కడుపు బాగాలేదు, కక్కడానికే తింటోంది" అని పక్కింటివాళ్లు తలో మాట వేస్తారు.

చాలాసార్లు అది నిజం కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 1,500 మందికి పైగా కుక్కల యజమానులను అడిగి 2008లో ఒక సర్వే ప్రచురించారు. గడ్డి తిన్నాక తరచూ కక్కే కుక్కలు నాలుగో వంతు కూడా లేవు. తినే ముందు నలతగా కనిపించినవి పదో వంతు లోపే. తోడేళ్ల పెంటలోనూ గడ్డి పోచలు దొరుకుతాయి. కాబట్టి గడ్డి తిన్నందుకు కుక్కను కొట్టకండి. ఆ గడ్డి మీద ఏముందో చూడండి.

మన దగ్గర అసలు భయం గడ్డిమందు. వరంగల్ చుట్టూ పత్తి చేల గెట్ల మీదా, ఊళ్లో ప్లాట్లలోనూ ఈ నెలల్లోనే కొడతారు. పారాక్వాట్ కొట్టిన గడ్డి ఒకటి రెండు రోజుల్లో మాడిపోతుంది కాబట్టి కంటికి తెలుస్తుంది. గ్లైఫోసేట్ కొడితే పసుపెక్కడానికే వారం దాకా పట్టొచ్చు. అంటే పచ్చగా ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. మందు కొట్టారా అని వాచ్‌మన్‌నో, చేను రైతునో అడగండి. తెలియకపోతే తాడు పొట్టిగా పట్టుకుని దాటించండి. పారాక్వాట్‌కు విరుగుడు లేదు, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

రెండోది మురుగు. 2023 జూలై వరదలకు ఇక్కడి కాలనీలు ఎలా మునిగాయో అందరూ చూశారు. నీళ్లు తీసిన చోట గడ్డి మీద ఎలుకల మూత్రం ఉండొచ్చు, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అలాగే వస్తుంది. ఆ టీకా వేయించారో లేదో జూన్‌లోపే కార్డులో చూసుకోండి. నులిపురుగుల మందు పెద్ద కుక్కలకు మామూలుగా మూడు నెలలకోసారి వేస్తారు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం గింజల వైపు అసలే పోనివ్వద్దు. మోకాలెత్తు గడ్డిలో పాములుంటాయని వేరే చెప్పాలా!

గడ్డి పిచ్చి మరీ ఉంటే పాత టబ్బులో గరిక నాటి మేడ మీద పెట్టండి. వినాయక చవితికి బజారు గరిక కొనే పని కూడా తప్పుతుంది.

అప్పుడప్పుడు నాలుగు పోచలు కొరికి, ఒకసారి నురగ కక్కి, మళ్లీ తోక ఊపుతూ అన్నం తింటే కంగారు లేదు. ఎన్నడూ లేనిది ఆబగా మేస్తున్నా, పదేపదే కక్కుతున్నా, నెత్తురు పడినా, అన్నం మానేసినా డాక్టరుకు చూపించాలి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోతే తెల్లారే దాకా ఆగొద్దు. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. అయినా రాత్రిపూట, ఆదివారం ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

మందు కొట్టిన గడ్డి తిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు, పాలు పోయొద్దు. డబ్బా దొరికితే లేబుల్ ఫొటో తీసుకుని వెంటనే బయల్దేరండి. నోటి చుట్టూ, కాళ్లకు అంటిన మందును చేతులకు గ్లౌజులు వేసుకుని కడగండి. దొడ్డికి పోయేటప్పుడు గడ్డి పోచ సగం వేలాడుతూ కనిపిస్తే గట్టిగా లాగకండి, లోపల పేగు కోసుకునే ప్రమాదం ఉంది. దానంతటది రాకపోతే డాక్టరే తీస్తారు.