సీటు ఖాళీగా ఉన్నా నిలబడి వస్తున్నాడా? ర్యాగింగ్: సమస్య - పరిష్కారం

సాయంత్రం ఐదున్నరకు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీ బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి. ఎవరు జూనియరో చెప్పడానికి ఐడీ కార్డు చూడక్కర్లేదు. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా, బ్యాగు రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, చొక్కా మూడో గుండీ మీదే చూపు నిలిపి, డ్రైవర్ వెనకాల నిలబడి వచ్చే పిల్లలు వాళ్లే. "కూర్చోవచ్చు కదా నాన్నా" అంటే, "పర్లేదు మేడమ్, ఇంక దిగిపోవడమే కదా" అంటారు.

నేను ఈ చుట్టుపక్కల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆరేళ్లుగా యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్‌లో, అంటే ర్యాగింగ్ జరగకుండా తనిఖీ చేసే కాలేజీ బృందంలో ఉన్నాను. "నన్ను ర్యాగింగ్ చేస్తున్నారు" అని తమంతట తాము వచ్చి చెప్పిన పిల్లలు నాకు చాలా తక్కువమంది తగిలారు. వాళ్లు ఇంకేదో చెబుతారు. ఆ ఇంకేదో వినపడినప్పుడు అదే రోజు తేదీ వేసి కాగితం మీద పెట్టించగలిగితే కేసు నిలబడుతుంది. వారం ఆగితే నీరుగారిపోతుంది. అందుకే కింద చెప్పేవన్నీ మీ చెవిన పడే మాటలతోనే మొదలుపెడుతున్నాను.

"ఈ కాలేజీ వద్దు, ఇంటికి వచ్చేస్తా"

ఇది ర్యాగింగే కానక్కర్లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిషు పాఠం అందకపోయినా, ఇంటి మీద బెంగపెట్టుకున్నా ఇదే మాట అంటారు. తేడా ఎలా తెలుస్తుందంటే, బెంగ రోజంతా ఉంటుంది, నాలుగు వారాలకు మెల్లగా తగ్గుతుంది. భయానికి మాత్రం టైము ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ఎత్తడు. ఆదివారం సాయంత్రం హాస్టల్‌కి బయల్దేరే ముందు కడుపునొప్పి అంటాడు. గుంటూరు బస్సు ఎక్కాక అమ్మకి నాలుగుసార్లు ఫోన్ చేసి ఏమీ చెప్పకుండా పెట్టేస్తాడు.

"నిన్నెవరైనా ర్యాగింగ్ చేస్తున్నారా?" అని సూటిగా అడగకండి. "అబ్బే, లేదు" అనేస్తాడు, ఆ తర్వాత ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడమే పనవుతుంది. చిన్న ప్రశ్నలు అడగండి. రాత్రి అన్నం ఎన్నింటికి తిన్నావు? పక్కన ఎవరు కూర్చున్నారు? పది నుంచి పన్నెండు దాకా ఏం చేశావు? అవనిగడ్డ నుంచి వచ్చిన ఒక తండ్రి ఇలాగే పట్టుకున్నారు. మెస్ ఏడున్నరకే తెరుస్తారు, వాళ్లబ్బాయి రోజూ తొమ్మిదిన్నరకు తింటున్నాడు. సీనియర్లు లేచేదాకా జూనియర్లు ప్లేటు పట్టుకోకూడదని రూలు పెట్టారట. అప్పటికి గిన్నెలో అడుగంటిన అన్నం, చల్లారిన సాంబారు మిగులుతాయి. మూడు వారాల్లో పిల్లవాడు నాలుగు కిలోలు తగ్గాడు.

ఒకవేళ పిల్లల నోట "బతకాలని లేదు" లాంటి మాట వస్తే, సరదాకి అన్నా సరే, ఫిర్యాదు సంగతి పక్కన పెట్టి ముందు మనిషి దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వదలొద్దు. మీరు దూరంగా ఉంటే వార్డెన్‌ని గది దగ్గర ఉండమనండి. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ప్రమాదం కళ్లెదుట ఉంటే 112. 2015 జూలైలో గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి చనిపోయిన రోజులు ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఆ తర్వాత నుంచి నేను ఏ పిల్ల మౌనాన్నీ తేలిగ్గా తీసుకోలేదు.

చేతిరాత మారిపోయింది, క్లాసులో నిద్రపోతున్నాడు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే లెక్చరర్లు కూడా దీన్ని ర్యాగింగ్ అనుకోరు, "సీనియర్‌కి సాయం చేశాడు" అనుకుంటారు.

కిందటేడాది సెకండియర్ ల్యాబ్ రికార్డులు దిద్దుతున్నాను. నాలుగు రోల్ నంబర్లు, నాలుగు అట్టలు. నాలుగింట్లోనూ సర్క్యూట్ బొమ్మలో గీత ఒకే చోట చిన్న మెలిక తిరిగింది, స్కేలు అంచు విరిగి ఉంటే పడే మెలిక. మర్నాడు ఫస్టియర్ క్లాసులో బెంచీల మధ్య తిరుగుతూ స్కేళ్లు చూశాను. మూడో బెంచీలో నరసరావుపేట వైపు నుంచి వచ్చిన అబ్బాయి స్కేలు ఏడో సెంటీమీటరు దగ్గర విరిగి ఉంది. కుడిచేతి మధ్యవేలి మీద పెన్ను ఒరుసుకుని కాయ కాసింది. రాత్రి రెండింటిదాకా రాస్తున్నాడట. "అన్న అడిగాడు మేడమ్, కాదంటే బాగోదు" అన్నాడు.

జూనియర్ చేత తన చదువు పని చేయించుకోవడం కూడా ర్యాగింగే అని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2009 నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. బలవంతంగా ఖర్చు పెట్టించడం కూడా అందులోనే ఉంది. కాబట్టి "కొట్టలేదు కదా" అనే మాటకి విలువ లేదు. ఇక్కడ పిల్లవాడి చేత ఫిర్యాదు రాయించాల్సిన పని కూడా లేదు, రికార్డులే సాక్ష్యం. ల్యాబ్ చూసే వాళ్లు ఆ పుస్తకాలు ఫొటో తీసి, తామే రాతపూర్వకంగా కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి ఇవ్వాలి. నేను అలాగే ఇచ్చాను. అబ్బాయి పేరు ఎక్కడా రాయలేదు.

డబ్బులు పది రోజుల్లోనే అయిపోతున్నాయి

ఫోన్‌పే హిస్టరీ తెరిపించండి. బ్రాడీపేట టిఫిన్ సెంటర్లో ఒక్క పూటకి ఆరొందల బిల్లు, తెలియని నంబరుకి రీఛార్జి, అర్ధరాత్రి బిర్యానీ. తిట్టకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. దాని మీద తేదీ, టైము, పేరు మూడూ ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో వచ్చే ఆర్డర్లూ అంతే. "డిలీట్ చేసెయ్" అని ఎవరైనా అంటే ముందు ఆ మాటనే స్క్రీన్‌షాట్ తీయండి.

"చెబితే ఇంకా ఎక్కువ చేస్తారు"

ఈ భయం ఉత్తది కాదు, అందుకే కొట్టిపారేయకూడదు. పిల్లలు సీనియర్ల నోట్సు, ల్యాబ్‌లో సాయం, ప్లేస్‌మెంట్ల సమాచారం అన్నీ పోతాయనుకుంటారు. పైగా ఫిర్యాదు చేసిన సాయంత్రమే పేరు బయటికి పొక్కితే పిల్లవాడు మళ్లీ అదే ఫ్లోర్‌కి వెళ్లి పడుకోవాలి.

దీనికి మందు: ఫిర్యాదు బాధితుడే చేయాలని లేదు. స్నేహితుడు చేయొచ్చు, తల్లిదండ్రులు చేయొచ్చు, మెస్‌లో వడ్డించే ఆయన చేయొచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు. అక్కడ చెప్పిన విషయం కాలేజీ పెద్దకి, వార్డెన్‌కి, జిల్లా అధికారులకి, ఎస్పీకి చేరాలన్నది నిబంధన. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

పేరు బయటికి రాకుండా చూడమని ఫిర్యాదులోనే రాయండి. గది మార్పు కూడా అదే కాగితంలో అడగండి. మారాల్సింది వేధించినవాళ్లు, మీ పిల్లవాడు కాదని గట్టిగా చెప్పండి.

ఇక ఎలా రాయాలి అంటే, "సీనియర్లు నన్ను బాగా వేధిస్తున్నారు, చర్య తీసుకోగలరు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయండి: మంగళవారం రాత్రి 10.20, బి బ్లాకు రెండో అంతస్తు, మెట్ల పక్క గది. ముగ్గురు ఉన్నారు, ఇద్దరి పేర్లు తెలుసు, మూడో అతను గడ్డం, నీలం టీషర్టు. 11.30 దాకా గోడకి ఆనుకోకుండా నిలబెట్టారు. వాళ్లన్న మాటలు అన్నవి అన్నట్టే రాయండి, బూతైనా సరే. "నా రూమ్మేటు తలుపు దగ్గర చూశాడు" అని సాక్షి సంగతీ రాయండి. కింద సంతకం, తేదీ. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసులో స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు లేకుండా గది బయటికి రావద్దు.

"మేం పిలిచి మాట్లాడతాం, మీరు సర్దుకోండి"

కాలేజీ నుంచి ఈ మాట వస్తే కారణం సాధారణంగా ఒక్కటే, పేరు పోతుందని, వచ్చే ఏడు అడ్మిషన్లు తగ్గుతాయని. సీనియర్ల చేత క్షమాపణ పత్రం రాయించి ఫైల్ మూసేస్తారు. తల్లిదండ్రులు కూడా "పోనీలే, పిల్లల భవిష్యత్తు" అని లేచి వచ్చేస్తారు. ఇక్కడ మెత్తబడకండి.

2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్ దెబ్బలకు చనిపోయాక వచ్చినవే పైన చెప్పిన యూజీసీ నిబంధనలు. వాటి ప్రకారం ర్యాగింగ్‌లో నేరం కనిపిస్తే కాలేజీ అధిపతి 24 గంటల్లో పోలీసులకు ఎఫ్‌ఐఆర్ కోసం ఇవ్వాలి. మన రాష్ట్రానికి అంతకన్నా ముందే, 1997లోనే, ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఆటపట్టించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు. ప్రాణం పోయినా, ఆత్మహత్యకు కారణమైనా అంతకన్నా చాలా పెద్ద శిక్ష. ఫిర్యాదు అందాక పట్టించుకోని కాలేజీ అధిపతిని నేరానికి తోడ్పడినట్టే చూడాలని అదే చట్టం చెబుతుంది. ఈ ఒక్క వాక్యం ప్రిన్సిపాల్ గదిలో మర్యాదగా గుర్తు చేయండి, మాట తీరు మారుతుంది.

అప్పటికీ కదలకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్ రాయమనండి. కాలేజీ తాడేపల్లిలో ఉన్నా మీరు తెనాలి స్టేషన్‌లో ఇవ్వొచ్చు. ఈ చట్టం ఇంటర్ హాస్టళ్లకీ, కోచింగ్ సెంటర్లకీ వర్తిస్తుంది. విజయవాడలో వాటికి కొదవలేదు, అక్కడి తల్లిదండ్రులకు ఈ విషయం ఎవరూ చెప్పరు. పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

"మేమూ పడ్డాం, వాళ్లూ పడాలి"

ఇది సీనియర్ల తల్లిదండ్రులు వినాల్సిన భాగం. మీవాడు ముందున్నవాడు కాకపోవచ్చు, వెనకాల నిలబడి నవ్వినవాడే కావొచ్చు. చేసిందెవరో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేసే వీలుంది. క్లాసుల నుంచి సస్పెన్షన్, స్కాలర్‌షిప్ ఆపడం, హాస్టల్ నుంచి పంపేయడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల దాకా బయట ఉంచడం, అడ్మిషన్ రద్దు కూడా. ఏటా మీరు, మీ పిల్లవాడు సంతకం చేసిచ్చే అఫిడవిట్‌లో ఇదంతా ఒప్పుకున్నట్టే. ఒకసారి కూర్చుని కలిసి చదవండి.

కాలేజీలు చేయాల్సింది కొత్తగా కనిపెట్టక్కర్లేదు, రాసి ఉన్నదే చేస్తే చాలు. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి ఫస్టియర్ వాళ్లతో పేరు రాయకుండా సర్వే చేయించాలి. ఎవరికి ఫోన్ చేయాలో అచ్చువేసిన కాగితం చేరిన రోజే పిల్లల చేతిలో పెట్టాలి. స్క్వాడ్ చెప్పకుండా హాస్టల్‌కి వెళ్లాలి. మేం ఈ తనిఖీల్లో కాలేజీ బస్సులను కూడా కలుపుకున్నాం. ఇద్దరు లెక్చరర్లం వంతులవారీగా వెనక సీట్లోనే వస్తున్నాం.

ఫిర్యాదు ఇచ్చేశాక ఇంట్లో వాళ్లు ఒక పని మరచిపోవద్దు. పదిహేను రోజులకి, నెలకి, మళ్లీ అవే చిన్న ప్రశ్నలు అడగండి. అన్నం ఎన్నింటికి తిన్నావు, పక్కన ఎవరు కూర్చున్నారు. జవాబు మళ్లీ తొమ్మిదిన్నర అయితే, రాసి పెట్టుకున్న ఆ ఫిర్యాదు నంబరు తీసి హెల్ప్‌లైన్‌కి మళ్లీ ఫోన్ చేయండి.